లక్కపురుగును గూర్చిన జాబు

చెరకు మొవ్వు ఎండినపుడు మన రైతులలో పెక్కురు చేయు పని యొకటి గలదు. ఎండిన మొవ్వును పెరికి గట్టుమీద పారవైతురు. పిమ్మట మందుల దుకాణమునకు పోయి, పురుగు పట్టినది, మందు ఇమ్మని అడుగుదురు. దుకాణదారుడు తనయొద్ద నున్నదానిని ఇచ్చును. అది యే పురుగు, ఎన్ని దినముల తోటలో పడినది, మొక్కలో ఏ భాగమును తినుచున్నది అను ప్రశ్నలను అడిగినవారును లేరు, ఇచ్చినవారును లేరు. అట్టి బేరమున సొమ్ము పోవుట నిశ్చయము. పురుగు పోవుట సంశయము. మునగపాక, అనకాపల్లి ప్రాంతములలో బెల్లపు ధరను నమ్ముకొని సంఘమునందు అప్పు తీసికొన్న సభ్యునకు ఇది చిన్న విషయము కాదు. కావున ఈ మాసపు పాఠమున పురుగును చూచుట, దానిని పంపుట, దానిని గూర్చి జాబు వ్రాయుట అను మూడు పనులను గూర్చి ముచ్చటింప నెంచితిమి. ఇందుకు మాకు దొరికిన మంచి ఉదాహరణము దూరదేశముది కాదు. మన తీరమునందే, విశాఖపట్టణమునకును సామర్లకోటకును సంబంధించినది.

పాట్రిక్ రస్సెల్ అను వైద్యుడు 1781వ సంవత్సరమున విశాఖపట్టణమునకు వచ్చెను. ఆయన సోదరుడు క్లాడ్ రస్సెల్ అప్పుడు ఈస్టిండియా కంపెనీ పక్షమున అచ్చట పరిపాలనాధికారిగా నుండెను. పాట్రిక్ రస్సెల్‌కు అప్పటికే ఏబదియైదవ యేడు సమీపించినది. అంతకుముందు సిరియా దేశమందలి అలెప్పో నగరమున చాల కాలము వైద్యము చేసి, 1760 మొదలు 1762 వరకు అచ్చట ప్రబలిన మహామారిని కన్నులార చూచినవాడు. అంతటి శ్రమపడినవాడు ఆ వయస్సున విశ్రాంతి కోరుట సహజము. రస్సెల్ మాత్రము కొత్త దేశమున చెట్లను, చేపలను, పాములను, పురుగులను ఏరుటకు ఆరంభించెను. 1785లో కంపెనీవారు ఆయనను తమ ప్రకృతిశాస్త్రజ్ఞునిగా నియమించిరి.

ఆయనలో మాకు మిక్కిలి నచ్చిన గుణ మొకటి గలదు. ఏ ప్రాణిని చూచినను, దాని శాస్త్రనామమేమో నిర్ణయించుటకు ముందు, ఊరివారు దానిని ఏమందురో అడిగి వ్రాసికొనెడివాడు. 1796లో వెలువడిన ఆయన పాముల గ్రంథమునందు "కాటుకరేకుల పొడ" అను తెలుగు పేరు అచ్చయి యున్నది. ఇప్పుడు లోకమంతయు రస్సెల్ పేరుతో పిలుచు విషసర్పము, మనవారు రక్తపింజరి అనునది, అదియే. కట్లపాముల జాతికి శాస్త్రజ్ఞులు ఉంచిన "బంగారస్" అను లాటిను పేరు మన "బంగారు" అను మాటనుండి పుట్టినదే. 1803లో విశాఖపట్టణపు చేపలు రెండువందలను వర్ణించి వేరొక గ్రంథము ప్రకటించెను. వెదురుబొంగులలో దొరకు తెల్లని వెదురుప్పును గూర్చి లండనులోని సర్ జోసెఫ్ బాంక్సుకు ఆయన వ్రాసిన జాబు 1790లో రాయల్ సొసైటీవారి సంచికలో అచ్చయ్యెను.

రస్సెల్‌కు ముందు ఆ ఉద్యోగమున నున్న కోనిగ్ అను పండితుని గూర్చి రెండు మాటలు చెప్పక తప్పదు. జోహాన్ గెర్హార్డ్ కోనిగ్ స్వీడను దేశపు లిన్నేయసుకు శిష్యుడు. 1768లో తరంగంబాడికి వైద్యుడుగా వచ్చి, ఏరిన పురుగులను ఐరోపాకు పంపుచుండెను. లిన్నేయసుకే మరియొక శిష్యుడగు ఫాబ్రీషియసు వానిలో ననేకములకు పేర్లు పెట్టి గ్రంథములలో వర్ణించెను. ఒకడు పొలముల వెంబడి తిరుగును. వేరొకడు వేల క్రోసుల దూరమున బల్లయొద్ద కూర్చుండి పేరు పెట్టును. నడుమ నున్నది ఓడ, ఒక పెట్టె, ఒక జాబు. ఈ పద్ధతిని పాఠకులు గుర్తుంచుకొందురు గాక.

కోనిగ్ 1779లో చెదపురుగులను గూర్చి వ్యాసమొకటి ప్రకటించెను. వానలకు ముందు పల్లెవారు ఉసిళ్ళను పట్టు విధమును అందు వర్ణించెను. పుట్టకు గాలివచ్చు వైపున ఒక రంధ్రము, ఎదుటి వైపున ఒక రంధ్రము చేయుదురు. ఎదుటి రంధ్రమునకు కరివేపాకు రుద్దిన కుండను ఆనించుదురు. గాలివైపున దుర్గంధపు పొగ పెట్టగా ఉసిళ్ళు కుండలో చేరును. వానిని వేయించి పిండితో కలిపి తినెడివారు. మన ముత్తాతలు ఎరిగిన పనియే ఇది. వ్రాసి ఉంచినవాడు మాత్రము పరదేశి. కరివేప చెట్టునకు శాస్త్రమునందు నేటికిని కోనిగ్ పేరు చేరియున్నది. ఆయన 1785 జూనులో రక్తగ్రహణి చేత కాకినాడయొద్ద జగన్నాథపురమున మరణించెను. ఆ వ్యాధిలో ఆయనకు చికిత్స చేసినవాడు సామర్లకోటలో నున్న విలియం రాక్స్‌బర్గ్. ఆయన స్థానమునకు వచ్చినవాడు రస్సెల్.

ఇక లక్కపురుగు సంగతి. 1789 జనవరిలో రస్సెల్ విశాఖపట్టణమును విడిచి ఇంగ్లండునకు మరలెను. వయస్సు అరువది దాటినది. తాను తిరిగిన కొండలను మరల చూచు ఆశ లేదు. అయినను రాక్స్‌బర్గ్ ఆయనకు జాబులు వ్రాయుట మానలేదు. ఆ సంవత్సరము నవంబరు 20వ తేదీన, కొండలనుండి కొందరు తుమ్మజాతి చెట్టుకొమ్మలను సామర్లకోటకు తెచ్చి ఆయన కిచ్చిరి. ఆ కొమ్మలకు కొత్త లక్క అంటియున్నది. రాక్స్‌బర్గ్ వానిని పారవేయలేదు, గీకి అమ్మలేదు. భద్రముగా నుంచి దినదినము చూచెను. డిసెంబరు 4వ తేదీన, అనగా పదునాలుగవ దినమున, లక్కమీది సూక్ష్మరంధ్రములనుండి లెక్కకు మించిన చిన్న పురుగులు వెడలి కొమ్మలమీద ప్రాకుట కనబడెను. వాని రూపమును, లక్క గూళ్ళ లోపలి యెర్రని పదార్థమును, ఆ రంగు తీయు విధమును వివరముగా వ్రాసి రస్సెల్‌కు పంపెను. రస్సెల్ దానిని రాయల్ సొసైటీకి అందింపగా 1791లో వారి సంచికయందు అచ్చయ్యెను.

అంతకు పదేండ్లకు ముందే, 1781లో, జేమ్స్ కెర్ అను మరియొకరు గంగాతీరపు లక్కపురుగును వర్ణించి యుండిరి. కాబట్టి రాక్స్‌బర్గ్ జాబు మొదటిది కాదు. దాని విలువ మరియొక చోట నున్నది. ఏ దినమున కొమ్మ వచ్చినది, ఏ చెట్టుది, ఎక్కడనుండి వచ్చినది, ఎన్ని దినములకు పిల్లలు వెడలినవి అను నాలుగు సంగతులు అందున్నవి. తానే పండితుడై యుండియు, "లక్కపురుగును చూచితిని" అని ఒక్క వాక్యముతో ముగింపలేదు. లండనులో కూర్చున్న వృద్ధునకు కొమ్మను చూడకయే కొమ్మ కనబడునట్లు వ్రాసెను. ఆ కొమ్మలను కొండనుండి దింపినవారి పేర్లు మాత్రము గ్రంథమున కెక్కలేదు. ఇది ఆ కాలపు లోపమని మా అభిప్రాయము. కొమ్మలను తెచ్చినవారు లేనిచో జాబే లేదు గదా!

లక్క అనిన మన జిల్లావారికి వేరుగా చెప్పనక్కరలేదు. ఏటికొప్పాక బొమ్మలు చూడనివారు మనలో నుండరు. అంకుడుకర్రను తరిణె పట్టి, తిరుగుచున్న కర్రకు రంగులక్కను ఒరయగా వేడికి కరగి నిగనిగలాడు పూత యేర్పడును. 2017లో ఆ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ పూత ఒక పురుగు కట్టుకొన్న ఇల్లు. కంటికి ఆనీ ఆనని పిల్లపురుగులు లేత కొమ్మమీద చేరి, ముక్కు గ్రుచ్చి రసము పీల్చుచు, దేహమునుండి జిగటను వెడలించును. ఆ జిగట గట్టిపడి పురుగును కప్పివేయును. ఆడపురుగు ఆపై కదలదు. ఆ గూటిలోనే పెరిగి, పిల్లలను విడిచి, గూటిలోనే చచ్చును. పిల్లలు వెడలకముందు కోసిన లక్కలో ఎర్రని రంగు నిండుగా నుండును. లత్తుక దానినుండియే వచ్చును. పిల్లలు వెడలిన పిమ్మట కోసినచో జిగటయే మిగులును, రంగు తగ్గును. మోదుగ, రేగు, పుసుగు చెట్లమీద లక్క బాగుగా పెరుగును. కొమ్మ కోయు దినము తెలియవలెనన్న పిల్లలు వెడలు దినము తెలియవలెను. సామర్లకోటలో పదునాలుగు దినములు లెక్కించిన ఓపికకు వ్యాపారమునందును విలువ గలదు.

ఇదే కాలమున మదరాసులో జేమ్స్ ఆండర్సన్ అను మరియొక వైద్యుడుండెను. 1738లో పుట్టి 1809లో మరణించిన ఈయన కథ మనకు వేరు పాఠము చెప్పును. అప్పుడు ఎర్రరంగులలో మేటి కొచ్చినీలు. అది మెక్సికో దేశమున నాగజెముడు జాతి మొక్కలమీద పెంచు పురుగునుండి వచ్చును. దాని వ్యాపారము స్పెయినువారి చేతిలో నుండెను. 1786లో ఆండర్సనుకు మదరాసు చెంత గడ్డిమీద ఎర్రరసము గల పురుగొకటి కనబడెను. కొచ్చినీలు దొరకినదను ఉత్సాహముతో బాంక్సుకు జాబుపై జాబు వ్రాసెను. ఆ జాబులు మదరాసున అచ్చును అయ్యెను. లండనులో పరీక్షింపగా అది మెక్సికో పురుగు కాదని తేలెను. ఆండర్సను నిరాశపడక, అసలు పురుగు వచ్చునాటికి మేత సిద్ధముగా నుండవలెనని సైదాపేటలో నాగజెముడు తోట వేయించెను.

1795లో నీల్సన్ అను కప్తాను బ్రెజిలు దేశపు రియో డి జనీరోనుండి బ్రతికియున్న కొచ్చినీలు పురుగులను కలకత్తాకు తెచ్చెను. అప్పటికి కలకత్తా తోటకు అధికారిగా పోయిన రాక్స్‌బర్గ్ చేతికే అవి వచ్చినవి. అవి మన దేశపు నాగజెముడుమీద విరివిగా పెరిగినవి. అందరును సంతసించిరి. తీరా చూడగా అది మేలైన పెంపుడు జాతి కాదు, అడవి జాతి. రంగు నాసి. రంగు వ్యాపారము సాగలేదు గాని, ఆ పురుగు తాను తిన్న నాగజెముడును ఉత్తర హిందూస్థానమున చాల చోట్ల నాశనము చేసెను. కలుపును పురుగుచేత చంపించు పద్ధతికి లోకమున ఇదియే తొలి ఉదాహరణమని శాస్త్రజ్ఞులు చెప్పుదురు.

అట్లయిన దక్షిణమున ఆ ముండ్లపొదలు చేలను, బాటలను ఆక్రమించుచు 1920 ప్రాంతమువరకు ఏల నిలిచినవని రైతు అడుగవచ్చును. ప్రశ్న మంచిది. నాగజెముడు అని మనము ఒకే పేరుతో పిలుచునవి నిజమునకు ఒకటికంటె హెచ్చు మొక్కలు. రియోనుండి వచ్చిన పురుగు ఒకదానినే తినును. దక్షిణమున విస్తరించిన రెండవదానిని అది ముట్టదు. దానిని తిను వేరొక కొచ్చినీలు జాతిని 1926లో సింహళమునుండి దక్షిణ దేశమునకు తెచ్చి విడువగా, అయిదారేండ్లలో పొదలు ఎండి నశించినవి. రెండు పురుగులును చూచుటకు తెల్లని దూదివలె నుండును. నలిపిన ఎర్రగా నగును. పేరొకటి, రూపొకటి, పని వేరు.

మన చెరకు తోటకు వత్తము. ఎండిన మొవ్వు ఒకటే గుర్తు. కారణములు మూడైన నుండవచ్చును. నాటిన మూడు నెలల లోపల పిలకల మొవ్వులు ఎండి, పట్టి లాగగానే సులభముగా ఊడివచ్చి, క్రింది కొన కుళ్ళి దుర్వాసన కొట్టినచో అది పీకపురుగు. లాగిన మొవ్వు సులభముగా రాక, విచ్చుకొన్న ఆకులమీద అడ్డముగా వరుసబెట్టి రంధ్రములుండి, పిమ్మట తలయందు ప్రక్కకొమ్మలు గుత్తిగా వెడలినచో అది మొవ్వును తొలుచు వేరొక పురుగు. ఆకులన్నియు వాడి మొక్కయే ఎండి, పెరికి చూడగా ముచ్చెలో గుల్లయేర్పడి మన్ను నిండియున్నచో అది చెద. మొదటిదానికి ముచ్చెలు నాటిన వెంటనే చెరకు ఆకుచెత్త కప్పుటయు, పిలకలకు కొంచెము మన్ను ఎగద్రోయుటయు మేలు చేయును. చెద యున్న నేలలో జాగ్రత్త అంతయు ముచ్చెలు నాటుటకు ముందే పడవలెను. మొవ్వు ఎండిన తరువాత ఆకులమీద చల్లిన మందు నేలలోని చెదకు తగలదు. తగిలినది రైతు సంచికి.

మరియొక చిక్కు గలదు. పైరిల్లా అను గడ్డిరంగు పురుగు, ముందుకు పొడుచుకొనివచ్చిన ముక్కుతో, చెరకు ఆకుల అడుగున చేరి రసము పీల్చును. కొన్ని సమయములలో ఆ పురుగు వీపున తెల్లని పిండివంటి పిల్ల అంటియుండును. ఆకులమీద తెల్లని చిన్న గూళ్ళు కనబడును. చూచినవారు "పురుగు ఇంకను హెచ్చినది" అని భయపడి మందు చల్లుదురు. ఆ తెల్లనిది పైరిల్లాను పీల్చి చంపు ఎపిరికేనియా అను చిన్న చిమ్మట పిల్ల. గూళ్ళున్న ఆకు ముక్కలను కోసి, అవి లేని తోటలో ఆకులకు గ్రుచ్చినచో అచ్చటను ఆ స్నేహితుడు వ్యాపించును. చల్లిన మందు ముందుగా చంపునది వీనినే.

కావున అనుమానము కలిగినపుడు అడుగవలెను. అనకాపల్లిలో 1913లో స్థాపింపబడిన చెరకు పరిశోధన స్థానము మనకు సామర్లకోటకంటె, లండనుకంటె చాల దగ్గర. అచ్చటి కీటకశాస్త్రజ్ఞులకుగాని మండల వ్యవసాయాధికారికిగాని చూపునపుడు ఈ క్రింది సంగతులు పాటింపుడు.

తొలుచు పురుగును బయటికి లాగి నలుపవలదు. పురుగు లోపలనుండగనే పిలకను మొదలంట కోసి, వార్తాపత్రిక కాగితములో చుట్టి, చిల్లులు గల డబ్బాలో నుంచుడు. ప్లాస్టికు సంచిలో మూతి బిగించినచో చెమ్మపట్టి ఒక్క దినములో కుళ్ళిపోవును. చూచువారికి ముక్కు మూసికొనుట తప్ప వేరు పని యుండదు. రెక్కల పురుగులను మడత కాగితములో నుంచవలెను. చెదను, మెత్తని పురుగులను చిన్న సీసాలో స్పిరిటు పోసి అందు వేయవచ్చును. అట్లు వేసినపుడు చీటీని పెన్సిలుతో వ్రాసి సీసా లోపలనే ఉంచుడు. సిరా స్పిరిటులో కరగిపోవును. ఒక్క పురుగును గాక అయిదారింటిని పంపుడు; పెద్దది, చిన్నది, గుడ్లు, గూడు ఏది దొరకిన అది. పీడింపబడిన మొక్కతోబాటు ఆరోగ్యముగానున్న మొక్క నొకదానిని గూడ చేర్చుట మరవవలదు.

ఇప్పుడు చేతిఫోనులో ఛాయాచిత్రము తీసి పంపుట సులభము. తప్పక పంపుడు. గాని మొవ్వు సులభముగా ఊడినదా, దుర్వాసన కొట్టినదా అనునవి చిత్రములో రావు. వానిని మాటలతో వ్రాయవలసినదే. మాదిరిగా నొక జాబును ఇచ్చుచున్నాము:

"మా చెరకు మొక్కతోట, కార్సి కాదు. విస్తీర్ణము ఎకరమున్నర. నాటి నేటికి నలుబదియైదు దినములు. నాలుగు చోట్ల నూరేసి పిలకలు లెక్కింపగా వరుసగా పది, పదునాలుగు, ఏడు, పండ్రెండు మొవ్వులు ఎండియున్నవి. గట్టుచెంత ఎక్కువ, నడుమ తక్కువ. లాగిన వెంటనే ఊడివచ్చుచున్నవి, వాసన కలదు. నీరు పెట్టి పది దినములైనది. చెత్త కప్పలేదు. ఇంతవరకు ఏ మందును చల్లలేదు. మా ఊరివారు దీనిని పీకపురుగు అనుచున్నారు. పురుగులున్న ఆరు పిలకలను, బాగున్న రెండు పిలకలను దీనితో పంపుచున్నాము."

మందు చల్లియున్నచో దాని పేరును, చల్లిన దినమును దాచక వ్రాయుడు. ఊరి పేరును వ్రాయుటకు సిగ్గుపడవలదు. రస్సెల్ అడిగినది అదియే. పిలకలను కోసిన దినమే అందునట్లు ఉదయమున పంపుట మంచిది. సెలవు దినమునకు ముందు పంపినచో డబ్బా తలుపుచెంతనే ఎండును. జాబునకు నకలు తీసి, వచ్చిన ప్రత్యుత్తరముతో గూడ సంఘపు దస్త్రములో నుంచుడు. వచ్చే యేడు అదే మాసమున మరియొక సభ్యుని తోటలో మొవ్వులు ఎండినపుడు, గుమాస్తా ఆ దస్త్రమును తెరచి కిందటి యేటి తేదీని, లెక్కను చదివి చెప్పగలడు.